వాంపైర్ కథలు రాసిన చేత్తోనే యేసు కథ: ఆన్ రైస్ ఒకరా, ఇద్దరా?

నల్లపిల్లి:
నిన్న రాత్రి అమెరికన్ రచయిత్రి ఆన్ రైస్ ‘క్రైస్ట్ ది లార్డ్: అవుట్ ఆఫ్ ఈజిప్ట్’ పూర్తి చేశాను. 2005లో వచ్చిన నవల. ఏడేళ్ళ యేసు ‘నేను’ అంటూ తన కథ తనే చెప్పుకుంటాడు. అంతకుముందు ఆవిడ పేరు వింటే నాకు 1976 నాటి ‘ఇంటర్వ్యూ విత్ ది వాంపైర్’, అదే ఆ రక్తం తాగే పిశాచి కథ, తప్ప ఇంకోటి గుర్తొచ్చేది కాదు. చాలా ఏళ్ళు నాస్తికురాలిగా ఉండి, 1998లో మళ్ళీ క్యాథలిక్ చర్చికి వెళ్ళింది. ఆ తర్వాత కొన్నేళ్ళకి, ఇక రాస్తే దేవుడి కోసమే రాస్తానంది. ఈ రెండు పుస్తకాలూ ఒకే మనిషి రాసినట్టు నాకైతే అనిపించడం లేదు. మీరేమంటారు?

గోదారిగట్టు:
ఒకే మనిషి. ఆ వాంపైర్ నవల మళ్ళీ తెరవండి. ఇంటర్వ్యూ చేసే కుర్రాడు శిలువ సంగతి అడుగుతాడు. శిలువలు చూడటం తనకు ఇష్టమేనంటాడు తన కథ చెప్పే వాంపైర్ లూయి. మామూలు వాంపైర్ అయితే శిలువ చూడగానే పరుగు లంకించుకోవాలి కదా! ఇతను పారిపోడు. శిలువ అవతల దేవుడే లేడేమోనన్నదే ఇతని భయం. న్యూ ఆర్లీన్స్‌లో చర్చికి వెళ్ళి, చేసిన హత్యలన్నీ ఫాదర్ దగ్గర ఒప్పుకుంటాడు. ఫాదర్ నమ్మడు. ఆయన్నీ చంపేస్తాడు. పారిస్ దాకా పోయి నాలుగు వందల ఏళ్ళ వాంపైర్ అర్మాండ్‌ని దేవుడి గురించీ సైతాను గురించీ అడిగితే, అతనూ తనకు తెలీదంటాడు. నమ్మకం పోగొట్టుకున్న క్యాథలిక్ కాక ఇంకెవరు రాస్తారండీ ఇది?

ఇంకో సంగతి. ఆవిడ కూతురు మిషెల్ 1972లో ల్యుకేమియాతో పోయింది. ఆరేళ్ళు కూడా నిండలేదు. ఆ దుఃఖంలోనే ఈ నవల రాసింది. అందులో క్లాడియా ఐదేళ్ళకే వాంపైర్ అవుతుంది, ఇక ఎప్పటికీ పెరగదు. పారిస్‌లో మాడలిన్ అని బొమ్మలు చేసే ఆవిడ వస్తుంది, గుర్తుందా? బిడ్డ పోయిన తల్లి. దుకాణం నిండా బొమ్మలే, అన్నిటికీ ఒకటే ముఖం. ఏడేళ్ళ యేసును రాసింది కూడా ఆ తల్లే. ఈసారి పిల్లాడు పెరుగుతాడు, అంతే తేడా.

చర్చివీధి:
గోదారిగట్టు గారూ, సాహిత్యం వరకు ఒప్పుకుంటాను. నా బాధ వేరే. ఈ యేసు నవలలో మట్టి పిచ్చుకలకు ప్రాణం పోయడం, గొడవపడ్డ పిల్లాడు చచ్చి మళ్ళీ లేవడం, ఇవి నాలుగు సువార్తల్లో ఎక్కడున్నాయి? చర్చి పక్కన పెట్టేసిన తోమా బాల్య సువార్తలోవి. పైగా ప్రభువు నోట ‘నేను’ అనిపించే హక్కు ఈవిడకెవరిచ్చారు?

పాతపుస్తకం:
మట్టి పక్షి సంగతి ఖురాన్‌లోనూ ఉందండీ. ఇక హక్కంటారా, జాషువా గారి ‘క్రీస్తు చరిత్ర’కు 1964లో సాహిత్య అకాడమీ అవార్డు వచ్చింది. అది చదివేటప్పుడు మనకీ ప్రశ్న వచ్చిందా?

చర్చివీధి:
జాషువా గారు బయట నిలబడి దణ్ణం పెట్టారు. ఈవిడ లోపలికే దూరింది.

నిద్రపట్టనివాడు:
మీ గొడవలో ఎవరూ అనట్లేదు గానీ, యేసు నవల కాస్త బోర్ కొట్టలేదూ? లూయి అయితే పేజీలకు పేజీలు కుమిలిపోతాడు. ఇక్కడేమో ఎక్కడ తప్పు దొర్లుతుందోనని చేతులు కట్టుకుని రాసినట్టుంది. హేరోదు రాజు చచ్చాక వీళ్ళ కుటుంబం పస్కా పండక్కి యెరూషలేము వెళ్తుంది, దేవాలయంలో సైనికులు జనం మీద పడతారు. అక్కడ మాత్రం పాత ఆన్ రైస్ కనిపించింది.

నల్లపిల్లి:
సరే, మరి 2010 సంగతో? క్రైస్తవం నుంచి తప్పుకుంటున్నానని ఫేస్‌బుక్‌లో పెట్టింది. క్రీస్తు మీద నమ్మకం ఉంది గానీ, ఆయన పేరు చెప్పి గేలనూ స్త్రీవాదాన్నీ వ్యతిరేకించమంటే తన వల్ల కాదంది. 2008లో రెండో యేసు నవలతో కానా పెళ్ళి దాకా వచ్చిన కథ అక్కడే ఆగిపోయింది. 2014కి మళ్ళీ ఆవిడ వాంపైర్ హీరో లెస్టాట్ హాజరు. భక్తి మధ్యలో వచ్చిన ఒక సీజన్ అన్నమాట.

గోదారిగట్టు:
సీజనా? 1995 నాటి ఆవిడ వాంపైర్ నవల ‘మెమ్నాక్ ది డెవిల్’ చూడండి. అప్పటికింకా చర్చికి తిరిగి వెళ్ళనే లేదు. కల్వరి దారిలో శిలువ మోస్తున్న యేసు ముందు లెస్టాట్‌ను నిలబెట్టి, ఆయన రక్తం తాగిస్తుంది. పూజలో ద్రాక్షారసం ఆయన రక్తంగా మారుతుందని నమ్ముతూ పెరిగిన పిల్లకు తప్ప ఆ సీన్ ఎవరికి తడుతుంది?

చర్చివీధి:
ఆ సీన్ దగ్గరే నేను పుస్తకం మూసేశాను.

నిద్రపట్టనివాడు:
అంటే అక్కడిదాకా చదివారన్నమాట :)

నల్లపిల్లి:
కానా పెళ్ళి పుస్తకం ఎవరి దగ్గరైనా ఉందా? చదివాకే మళ్ళీ వాదిస్తాను.

చర్చివీధి:
నా దగ్గరుంది, పోస్టులో పంపుతాను. అడ్రస్ మెసేజ్ చేయండి. లోపల పెన్సిల్ గీతలుంటాయి, పట్టించుకోకండి.