‘అమ్ముడుపోవడం’ పాటకీ మనిషికీ ఒకటేనా?

నేను పాటలు రాస్తాను. ఈమధ్య ఒక పాటలో "మునివేళ్ల మీద వచ్చే మునిమాపు" అని రాస్తే, మునిమాపు అంటే ఎవరికి తెలుస్తుంది, మార్చండి అన్నారు. "ఈవెనింగ్" అని పెట్టాను. రెండూ అయిదేసి మాత్రలే, ట్యూన్‌లో అతికినట్టు కూర్చుంది, పాట హిట్ కూడా అయింది. అప్పటినుంచి నా పాత స్నేహితుడొకడు "నువ్వు అమ్ముడుపోయావు" అంటున్నాడు. చాలా బాధేసింది. రెండు రోజులుగా ఆ మాటే తిరుగుతోంది బుర్రలో.

చూడండి, పుస్తకం అమ్ముడుపోయిందంటే సంతోషిస్తాం, రాసినవాడు అమ్ముడుపోయాడంటే అది తిట్టు. క్రియ ఒక్కటే, కర్త మారాడంతే. పైగా ఈ మాటలో అమ్మినవాడు కనపడడు, సరుకు దానంతటదే వెళ్లిపోయినట్టుంటుంది వాక్యం. పోతన సరస్వతితో చెప్పాడని ప్రచారంలో ఉన్న చాటువు ఇలా కాదు:

"...నిను నాకటికిం గొనిపోయి యల్ల క
ర్ణాట కిరాట కీచకుల కమ్మ త్రిశుద్ధిగ నమ్ము భారతీ!"

ఇందులో "అమ్మ" అంటే తల్లి కాదు, "అమ్మను" అని. ఒల్ల, ఎరుగ లాంటి పాత వ్యతిరేక రూపం. ఎవరు అమ్మనంటున్నారో, ఎవర్ని, ఎవరికి, చివరికి దేనికోసమో (ఆకటికి, అంటే ఆకలికి) కూడా చెప్పేశాడు. దాక్కోవడానికి చోటు లేని వాక్యం అది. మనం వాడే "అమ్ముడుపోవడం"లో అన్నీ దాక్కున్నాయి. ఒక్క మాట మార్చడాన్ని కూడా అదే క్రియతో అనాలా? వేరే మాట లేదా మనకి?

జవాబు: ఉందండీ, పట్టువిడుపు. ట్యూన్‌కి రాసేవాళ్లకి అది రోజూ ఉండేదే, దాన్ని అమ్మకం అనడం అన్యాయం. ఇంకొకటి, ఆ పద్యంలో "త్రిశుద్ధిగ నమ్ము"ని (నిజంగా నమ్ము అని) పొరపాటున "త్రిశుద్ధిగన్ + అమ్ము" అని విడగొడితే అర్థం తలకిందులైపోతుంది! నమ్ముకీ అమ్ముకీ మధ్య ఒక్క నకారమే. మా మాస్టారు ఇది చెప్పి మరీ చదివించేవారు.

మళ్లీ నేను: పట్టువిడుపు చాలా మంచి మాట, నేను చేసిన మిగతా మార్పులన్నిటికీ సరిపోతుంది. దీనికి మాత్రం సరిపోదండీ. మునివేళ్లలోనూ మునిమాపులోనూ ఉన్న "ముని" ఒకటే, కొస అని, ముందు అని. పొద్దు చివరి అంచు చప్పుడు కాకుండా అడుగేస్తున్నట్టు ఉండాలని ఆ రెంటినీ పక్కపక్కన పెట్టాను. ఒకటి తీస్తే రెండోది ఉత్త వేళ్లే. అది నాకు ఆ రోజే తెలుసు, తెలిసీ ఒక్కసారి కూడా వివరించి చెప్పలేదు, వెంటనే సరే అనేశాను. ఆకటికి అని చెప్పుకోవడానికి కూడా లేదు, ఆ రోజు నాకంత అవసరమేమీ లేదు. స్నేహితుడి మాటలో నేను ఒప్పుకోనిది ఆ "పోవడం" ఒక్కటే. నేనే అమ్మాను.

రికార్డయిన పాటని ఇక మార్చలేను. ఎవరైనా పాడి వినిపించమంటే మాత్రం మునిమాపు అనే పాడుతున్నాను, అర్థం అడిగినవాళ్లకి చెప్తున్నాను.