ఫైలు డేట్ చూసి ఏ అప్‌డేటో తేల్చేయొచ్చా?

బరంపురం సర్వీసు: మేం కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్ చూసిపెడతాం. పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ వైపు అప్‌డేట్లు పెన్‌డ్రైవ్‌లోనే పట్టుకెళ్తాం. ఏ కొట్లో ఏది వేశామో మెయిన్ ఈఎక్స్‌ఈ (ప్రోగ్రాము) ఫైలు మోడిఫైడ్ డేట్, అంటే చివరిసారి మారిన తేదీ చూసి రాసుకుంటున్నాం. చిన్న మార్పులకి కంపెనీవాళ్లు వెర్షన్ నంబరు మార్చరు. మరి డేట్ తప్ప ఇంకేం ఆధారం? మా దగ్గర కొత్తగా చేరిన కుర్రాడు మాత్రం ఇది పనికిరాదంటున్నాడు.

రాయగడ నెట్‌వర్క్: కుర్రాడిదే కరెక్టండీ. బ్రౌజర్‌లో దించిన ఫైలుకి మామూలుగా దించిన రోజు డేటే పడుతుంది. విండోస్‌లో కాపీ చేస్తే మోడిఫైడ్ డేట్ నిలుస్తుంది, క్రియేటెడ్ మారిపోతుంది. లినక్స్‌లో ఉత్తి సీపీ (కాపీ కమాండు) కొడితే మోడిఫైడ్ కూడా కొత్తదే. కొట్లో పాత సిస్టమ్‌లో గడియారాన్ని నడిపే సీమాస్ బ్యాటరీ అయిపోయి ఉంటే, కరెంటు పోయి వచ్చేసరికి గడియారం ఎన్నో ఏళ్లు వెనక్కెళ్లిపోతుంది. ఆరోజు అక్కడ కొత్తగా రాసే ఫైళ్లకి ఏ డేట్ పడుతుందో ఆలోచించండి.

జయపురం పాతకాపు: అంత కొట్టిపారేయకండి బాబూ. సోర్సు కోడ్ నుంచి ప్రోగ్రాము కట్టే మేక్ అనే టూలు 1976 నుంచీ ఫైళ్ల టైము చూసే పని చేస్తోంది. ఫైళ్లు కాపీ చేసే ఆర్‌సింక్ కూడా మామూలుగా సైజు, టైము చూసే ఫైలు మారిందో లేదో తేలుస్తుంది.

రాయగడ నెట్‌వర్క్: నిజమే పెద్దాయనా. కానీ మేక్ అడిగేది "దీనికన్నా అది కొత్తదా?" అని మాత్రమే, అదీ మామూలుగా ఒకే మిషన్‌లో. "ఇది ఏ వెర్షను?" అని అడగదు. ఆర్‌సింక్‌లో కూడా అనుమానమొస్తే చెక్‌సమ్ (ఫైల్లోని డేటా నుంచి లెక్కకట్టే గుర్తు) చూసే ఆప్షన్ విడిగా ఉంది.

ఇంకోటి. పెన్‌డ్రైవ్ ఫార్మాట్ ఫ్యాట్32 అయితే టైమ్ జోన్ లేకుండా అక్కడి గడియారం టైమే రాసుకుంటుంది, అదీ రెండేసి సెకన్ల లెక్కన. విండోస్ హార్డ్ డిస్కుల్లో ఉండే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్ యూటీసీలో (ప్రపంచమంతటికీ ఒకటే టైము) రాస్తుంది, చూపించేటప్పుడు ఆ సిస్టమ్ టైమ్ జోన్ కలుపుతుంది. అదే హార్డ్ డిస్కుని టైమ్ జోన్ అమెరికా పసిఫిక్ మీద వదిలేసిన సిస్టమ్‌కి తగిలిస్తే, మనం పొద్దున్న పదింటికి చేసిన ఫైలు ముందురోజు రాత్రిదిగా కనబడుతుంది. ఫైల్లో ఒక్క బైటు మారలేదు, డేట్ మారిపోయింది!

ఆండ్రాయిడ్ యాప్ ప్యాకేజీ ఫైలు, ఏపీకే, విప్పి చూడండి, చాలావాటిలో లోపలి ఫైళ్లకి 1981 జనవరి 1 ఉంటుంది. ఒకే సోర్సు కోడ్‌ని ఎప్పుడు కట్టినా ఒకే ఫైలు రావాలని కావాలనే అలా పెడతారు. అక్కడ వెర్షన్ తెలిపేది యాప్‌లోనే రాసి ఉండే వెర్షన్ కోడ్ అనే నంబరు.

బరంపురం సర్వీసు: సరే, మరి నంబరు మార్చని కంపెనీతో ఏం చెయ్యమంటారు?

రాయగడ నెట్‌వర్క్: కంపెనీ నుంచి ఫైలు రాగానే సర్ట్‌యుటిల్ కమాండుతో షా-256 హ్యాష్ తియ్యండి, అది విండోస్‌లోనే ఉంటుంది; హ్యాష్ అంటే ఫైల్లోని డేటా నుంచి లెక్కకట్టే వేలిముద్రలాంటిది. పక్కన మీ సొంత వరస నంబరు వేసుకోండి. కొట్లో ఫైలుకీ తీసి పోల్చండి.

జయపురం పాతకాపు: హ్యాష్ చూస్తే ఏది ముందు, ఏది వెనక తెలీదు కదా.

రాయగడ నెట్‌వర్క్: తెలీదు. అందుకే వరస నంబరు. ఆ పట్టీలో లేని హ్యాష్ వస్తే మీరివ్వని ఫైలు అక్కడుందన్నమాట. డేట్‌తో అది ఖాయంగా పట్టుకోలేరు.

బరంపురం సర్వీసు: కొట్టాయన ఫోన్‌లో అరవై నాలుగు అక్షరాలు చదవలేడండీ.

రాయగడ నెట్‌వర్క్: మొదటి ఎనిమిది చాలు, మీ పట్టీలో ఉన్న కాసిని ఫైళ్లని విడదీయడానికి. తేడా వస్తే అప్పుడు పూర్తిగా ఫొటో తీసి పంపమనండి.