1930ల మొజంజాహీ మార్కెట్ నీటిరంగుల్లో: జనాన్ని ఎలా వేస్తారు?

నీటిరంగు_నాంపల్లి:
హైదరాబాద్‌లో 1935లో కట్టిన మొజంజాహీ మార్కెట్, తెరిచిన కొత్తలో ఎలా ఉండేదో వేస్తున్నాను. 300 జీఎస్‌ఎం దళసరి కాగితం మీద పెన్సిల్ పని అయింది. గడియార స్తంభం, కమానులు కుదిరాయి. జనం మాత్రం ఇప్పటి సంతలోవాళ్లలాగే ఉన్నారు. కాలం మారుతోందని ఎలా తెలియాలి?

గౌలిగూడ_సూరి:
బస్సు పెట్టండన్నా. నిజాం స్టేట్ రైల్వే 1932లోనే 27 బస్సులతో సర్వీసు మొదలుపెట్టింది. జట్కా, ఎడ్లబండి, సైకిల్, బస్సు అన్నీ ఒకే రోడ్డు మీద! నా బొమ్మలో బస్సు ముక్కు మాత్రమే కనబడనిచ్చి, జట్కా గుర్రం చెవులు వెనక్కి పెట్టి, మెడ పక్కకు తిప్పాను. చూసినవాళ్లంతా ముందు ఆ గుర్రం గురించే అడిగారు.

కుంచె_పద్మ:
సూరి గారి గుర్రం చాలా బాగుంది. జనం విషయానికొస్తే, తలలు ఒక్కొక్కటిగా వేయకండి. వెనక గుంపును తడి కాగితం మీదే ఒకదాంట్లో ఒకటి కలిసిపోనివ్వండి. తలపాగాలు, రూమీ టోపీల (కుచ్చు టోపీల) దగ్గర కాగితం తెల్లగా వదిలేయండి. ముందు ముగ్గురు నలుగురికి ఆకారం ఇస్తే చాలు. మన ఎండలకు కాగితం ఇట్టే ఆరిపోతుంది కాబట్టి నేను వెనకవైపు కూడా తడిపి ప్లాస్టిక్ పలక మీద పరుస్తాను. మార్కెట్ గ్రానైట్ రాయికి నలుపు ట్యూబు వద్దు, అల్ట్రామెరీన్ నీలంలో బర్న్‌ట్ సియెన్నా గోధుమరంగు కలపండి. మరమ్మతులు చేసి 2020లో మళ్లీ తెరిచారు కదా, పొద్దున్నే వెళ్లి ఆ రాయి చూడండి.

మగ్గం_ఇంటబ్బాయి:
గుడ్డ మర్చిపోవద్దు. వరంగల్‌లో ఆజంజాహీ బట్టల మిల్లు 1934లో వచ్చింది. మాది నేత ఇల్లు కాబట్టి నా కళ్లు ముందు అటే పోతాయి. మిల్లు గుడ్డ తాను మడతలు పదునుగా, తెలుపు అంతా ఒక్కటిగా ఉంటుంది. చేనేత పంచె మెత్తగా జారుతుంది, అంచు రంగు వేరు. ఒకరి భుజాన నేత మూట, ఎదురొచ్చేవాడి చేతిలో మిల్లు తాను. అది దుకాణంలోనే ఉండక్కర్లేదు, దారిన పోయేవాళ్ల దగ్గరున్నా చాలు.

కుంచె_పద్మ:
మంచి మాట. కానీ బస్సు, గుడ్డ రెండూ ఒకే బలంతో వేస్తే కన్ను ఎక్కడా నిలవదు. నేనైతే బస్సును పలచటి బూడిదరంగులో వెనక్కి నెట్టి, ఆ మూట దగ్గరే ముదురు రంగు వాడతాను.

నీటిరంగు_నాంపల్లి:
మూటకే నా ఓటు. సూరి అన్నా, గుర్రాన్ని వదలను. పద్మ గారూ, కమానుల కింద నీడ ముందా, జనం ముందా?

కుంచె_పద్మ:
ముందు మనుషులకు లేత రంగు వేసి పూర్తిగా ఆరనివ్వండి. తర్వాత వాళ్ల తలలు, భుజాల చుట్టూ తిప్పుతూ నీడ వేయండి. అక్కడిదాకా వచ్చాక ఫొటో పెట్టండి, చూద్దాం.