గిటారును పెడళ్లతోనే రికార్డు చేయాలా, తర్వాత స్టూడియోలో చేర్చుకోవాలా?

పానగల్లు తీగలు:
నల్గొండలో గంటల లెక్కన అద్దెకిచ్చే ఒక చిన్న స్టూడియోలో మొన్న ఒక భక్తిగీతానికి గిటారు వాయించి వచ్చాను. డ్రైవ్ (ధ్వనిని గరుకుగా చేసేది), కోరస్ (పలు గిటార్లు కలిసి మోగినట్టు చేసేది), డిలే (ప్రతిధ్వనిలా మళ్లీ వినిపించేది), ఈ మూడు పెడళ్లూ నా బోర్డు మీదే ఉన్నాయి కాబట్టి వాటితోనే ట్రాక్ ఎక్కించాను. రెండో చరణంలో దొర్లిన ఒక అపస్వరాన్ని కోసి తీసేద్దామని కూర్చుంటే, దాని ముందరి పలుకు తాలూకు డిలే తోక కూడా తెగిపోయి, అక్కడ పాటలో గుంత పడినట్టయింది. చివరికి చరణమంతా మళ్లీ వాయించాను. శుభ్రంగా వాయించి ఎఫెక్టులన్నీ తర్వాత చేర్చుకోవడమే మేలా?

పాలమూరు ఫ్రెట్:
అన్నీ తర్వాతకు వాయిదా వేయకండి. డ్రైవ్, కంప్రెసర్ (ధ్వనిలోని హెచ్చుతగ్గులను సమం చేసేది) వాయించే చేతిని మార్చేస్తాయి. డ్రైవ్ ఉన్నప్పుడు స్వరం ఎక్కువసేపు నిలుస్తుంది కాబట్టి తీగను లాగి ఆపుతాం, అరచేతితో మ్యూట్ చేసే తీరు కూడా వేరుగా ఉంటుంది. శుభ్రమైన ధ్వని వింటూ వాయించినదానికి తర్వాత డ్రైవ్ తగిలిస్తే పొడిపొడిగా వినిపించడం నాకు చాలాసార్లు అనుభవమే. డిలే, రివర్బ్ (గదిలో మోగినట్టు గుంజనం ఇచ్చేది) మాత్రం మిక్సింగ్ దాకా ఆగగలవు.

అసలు పెడళ్లకూ స్టూడియోకూ చుట్టరికం పాతదే. 1961లో వచ్చిన మార్టీ రాబిన్స్ పాట ‘డోంట్ వర్రీ’ రికార్డింగులో మిక్సింగ్ కన్సోల్ పాడై, ఆరు తీగల బేస్ ధ్వని చిరిగినట్టు వచ్చింది. దాన్ని తీసేయకుండా పాటలో ఉంచేశారు. ఆ ధ్వనిని కావాలన్నప్పుడు తెప్పించుకోవడానికి ఆనాటి ఇంజనీరు గ్లెన్ స్నాడీ తయారుచేసిన సర్క్యూటే 1962లో మాయెస్ట్రో ఫజ్-టోన్ పెడల్‌గా అమ్మకానికి వచ్చింది.

మిర్యాలగూడ మిక్స్:
పెడల్‌ను స్టూడియో పరికరంలా వాడబోయి నేను దెబ్బతిన్నాను. గాయకుడి ట్రాక్‌ను ఇంటర్‌ఫేస్ (కంప్యూటర్‌కూ వాయిద్యాలకూ మధ్య ధ్వనిని చేరవేసే పెట్టె) నుండి నేరుగా డిలే పెడల్‌లోకి పంపితే మొదటి మాటకే గరగరలాడింది. ఇలాంటి స్టూడియో పరికరాల ప్రొఫెషనల్ లైన్ స్థాయి +4 డీబీయూ, అంటే సుమారు 1.23 వోల్టులు, పెడల్ ఎదురుచూసేది గిటారు పికప్ (తీగల కంపనాన్ని విద్యుత్ సంకేతంగా మార్చేది) ఇచ్చే చిన్న సంకేతాన్ని. అవుట్‌పుట్ తగ్గిస్తే గరగర పోయింది కానీ 50 హెర్ట్జ్ హమ్ మిగిలింది. రికార్డైన ట్రాక్‌ను పెడళ్లకు తగిన స్థాయిలో పంపే రీయాంప్ బాక్స్ కొన్నాక, అందులోని ట్రాన్స్‌ఫార్మర్ గ్రౌండ్‌ను విడగొట్టడంతో అది కూడా సద్దుమణిగింది. అయితే పాత తరహా ఫజ్ పెడల్‌ను (ధ్వనిని చిరిగినట్టు చేసేది) మాత్రం ఇలా తర్వాత పెట్టాలని చూడకండి. దాని ఇన్‌పుట్ నేరుగా పికప్‌తో ముడిపడి పనిచేస్తుంది, గిటారు వాల్యూమ్ కాస్త తగ్గించగానే ధ్వని తేటపడుతుంది. రికార్డైన ట్రాక్‌ను పంపితే ఆ స్పందన రాదు.

దేవరకొండ డీఐ:
తీగలు గారూ, ఒకే టేక్‌లో రెండూ దక్కించుకోవచ్చు. గిటారు కేబుల్‌ను డీఐ బాక్స్‌లో (గిటారు సంకేతాన్ని రికార్డింగుకు తగినట్టు మార్చి, రెండు దారులుగా ఇచ్చే పెట్టె) పెట్టి, ఒక దారిని శుభ్రంగా ఇంటర్‌ఫేస్‌కు పంపండి. ‘థ్రూ’ అనే రెండో దారిని పెడళ్ల మీదుగా ఆంప్‌కు పంపి, దాని ముందు మైక్ పెట్టండి. మైక్ ఒక అడుగు దూరంలో ఉన్నా ధ్వని దాదాపు 0.9 మిల్లీసెకను ఆలస్యంగా చేరుతుంది, కాబట్టి రెండు ట్రాక్‌లను కలిపి వాడేటప్పుడు అలలను సరిచూసుకోవాలి, లేకుంటే ధ్వని పలచబడుతుంది. డీఐ బాక్స్ లేకుండా నేరుగా పెట్టేవారు ఇంటర్‌ఫేస్ మీద గిటారు కోసం ఉండే హై-జెడ్ (Hi-Z) ఇన్‌పుట్‌నే వాడాలి; మామూలు లైన్ ఇన్‌పుట్‌లో పెడితే పై స్వరాల మెరుపు చచ్చిపోతుంది.

పానగల్లు తీగలు:
చెప్పినట్టే చేసి వచ్చాను. డ్రైవ్‌ను పెడల్‌తోనే ఎక్కించాను, డిలేను మాత్రం మిక్సింగ్‌లో పెట్టించాను. ఈసారి రెండు చోట్ల కోసినా అతుకు తెలియలేదు. కోరస్ విషయంలో ఎటూ తేల్చుకోలేక రెండు రకాలుగానూ ఉంచాను. ఇంకా సన్నగా కీచుమంటున్న శబ్దం ఎక్కడిదా అని వెతికితే, నాలుగు పెడళ్లకూ కలిపి ఒక్క అడాప్టర్ నుండి కరెంటు తీసుకుంటున్నాను. డిజిటల్ డిలేకు వేరే అడాప్టర్ పెట్టగానే అది పోయింది. ఇక మిగిలిన హోరు గిటారుది కాదు, పక్క గదిలోని కూలర్‌ది.