ఆలోచనతో కదిలే కృత్రిమ చేయి: మెదడులో చిప్ తప్పనిసరా?

ప్రశ్న (గుంటూరు): కారం మిల్లులో జరిగిన ప్రమాదంలో మా తమ్ముడు మోచేతి కింద కుడిచేతిని కోల్పోయాడు. ఆలోచనతో కదిలే కృత్రిమ చేయి కావాలంటే మెదడులో చిప్ అమర్చవలసిందేనా?

జవాబు: అక్కరలేదండీ. మెదడు సంకేతాలతో యంత్రాలను కదిలించే బ్రెయిన్‌గేట్ పరిశోధనలో (2012లో వెలువడింది) ఒక మహిళ మెదడులో అమర్చిన 96 ఎలక్ట్రోడ్ల సాయంతో రోబో చేతిని కదిలించి కాఫీ తాగిన మాట నిజమే గాని, ఆమెకు కాళ్లూ చేతులూ చచ్చుబడ్డాయి. మీ తమ్ముడికి ముంజేతి కండరాలు మిగిలే ఉంటాయి. లేని పిడికిలిని బిగించమని చెప్పి అక్కడ వేలు ఆనించి చూడండి. ఆ కండరపు విద్యుత్ సంకేతాన్నే మయోఎలక్ట్రిక్ చేయి అందుకుని కదులుతుంది.

జవాబు (విజయవాడ): నేను వాడుతున్నది అదే. మే నెలలో సాకెట్ (మిగిలిన చేతికి తొడిగే భాగం) లోపల చెమట పట్టిందంటే సంకేతం తప్పి, పట్టుకున్న గ్లాసు జారిపోతుంది. కొనేముందు సాకెట్ అమరికను బాగా చూసుకోండి.

ప్రశ్న అడిగినవారు: ఇప్పుడే బిగించమన్నాను. వేలి కింద కండరం కదిలిందండీ!