అప్‌డేట్: నల్లకుక్క ఫొటో చివరికి కుదిరింది

మా రెండు కుక్కల ఫొటోలను పక్కపక్కన ఫ్రేము కట్టించాలనుకుంటే, నల్లదాని ముఖం కళ్లు కూడా తెలియనంత ముద్దగా వస్తోందని ఇంతకుముందు అడిగాను. మీరు చెప్పినట్టే ఫ్లాష్ ఆపేసి, కిటికీ వెలుతురు పక్కనుంచి పడేలా దాన్ని కూర్చోబెట్టి, నేను నేలమీద బోర్లా పడుకుని దాని కళ్ల ఎత్తు నుంచే తీయగా, 40వ ఫొటోలో కంటిలోని మెరుపుతో పాటు మూతిమీద నెరిసిన వెంట్రుకలు కూడా విడివిడిగా కనిపించాయి. (అది ఇటు చూడటానికి బిస్కట్టును నా నెత్తిన పెట్టుకోవలసి వచ్చింది.)

అద్దం ఫొటోకు అంటుకోకుండా, చుట్టూ 2 అంగుళాల ఆమ్లరహిత మౌంటు (ఫొటోను పసుపెక్కించని అట్ట అంచు) పెట్టించాను. మొదట తగిలించినప్పుడు రెండూ చెరోవైపు చూస్తూ అలిగినట్టు కనిపించడంతో, ఫ్రేముల స్థానాలు మార్చి చూపులు కలిపాను. ఇప్పుడవి నేరుగా ఎండ పడని గోడమీద, మధ్యభాగం నేలనుంచి 57 అంగుళాల ఎత్తులో ఉన్నాయి.