అప్‌డేట్: ఆస్తమా ఉన్న మా అమ్మాయి, వ్యాయామ తరగతి

తొమ్మిదో తరగతి చదువుతున్న మా అమ్మాయికి ఆస్తమా ఉన్నందున వ్యాయామ తరగతి నుంచి పూర్తి మినహాయింపు కోరవచ్చా అని ఇంతకుముందు అడిగాను. ముందు వైద్యులను సంప్రదించమన్న వారందరికీ కృతజ్ఞతలు. ఆస్తమా అదుపులో ఉన్నంతవరకు మినహాయింపు అవసరం లేదని వైద్యురాలు స్పష్టం చేశారు. పరుగుకు సుమారు 15 నిమిషాల ముందు ఇన్‌హేలర్ వాడాలని, ఆపై నెమ్మదిగా వార్మప్ చేయాలని, చల్లని పొడిగాలిలోనూ దుమ్ములోనూ తీవ్రంగా పరుగెత్తరాదని ఆమె రాసిచ్చిన లేఖను వ్యాయామ ఉపాధ్యాయుడికి అందజేశాము. 5–17 ఏళ్ల పిల్లలకు రోజుకు సగటున 60 నిమిషాల శారీరక శ్రమ అవసరమని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచిస్తున్నందున, ఆయన కూడా అమ్మాయిని పక్కన కూర్చోబెట్టడానికి ఇష్టపడలేదు. ఇన్‌హేలర్‌ను మాత్రం కార్యాలయంలో తాళం వేసి ఉంచుతామన్నారు (ఆయాసం వచ్చినప్పుడు తాళంచెవి వెతకడం ఏమి పద్ధతో!), లేఖ చూపిన తరువాత అది అమ్మాయి దగ్గరే ఉండేందుకు అంగీకరించారు. దూరపు పరుగుల సంగతి తదుపరి వైద్య పరీక్ష తరువాత నిర్ణయిస్తాము.